కట్టే ముందే కనిపెట్టాలి: నకిలీ షాపింగ్ సైట్ల గురించి విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

పండగ దగ్గరపడిందంటే మా షాపుకి స్క్రీన్ గార్డు కోసం వచ్చేవాళ్లకంటే, ఫోన్ చేతిలో పెట్టి "ఈ సైట్ నిజమైనదేనా, ఒక్కసారి చూడండి" అనేవాళ్లే ఎక్కువైపోతారు. అక్కయ్యపాలెంలో ఫోన్ రిపేర్ షాపు పెట్టుకున్నాక ఇదీ పనిలో భాగమే అయింది. మనుషులు మారుతున్నారు గానీ అనుమానాలు మాత్రం అవే. అందుకే వాళ్లు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు పెట్టి, కింద జవాబులు రాశాను. కొనడంలో మీరు ఏ దశలో ఉన్నారో చూసుకుని నేరుగా అక్కడికి వెళ్లిపోండి. వరసగా చదవక్కర్లేదు.

## యాడ్ కంటపడినప్పుడు

ఫేస్‌బుక్, ఇన్‌స్టాలో యాడ్ వచ్చిందంటే వాళ్లు చెక్ చేసే వేస్తారు కదా?

ఆ ధైర్యం పెట్టుకోవద్దు. డబ్బు కట్టినవాళ్లకి యాడ్ స్థలం దొరుకుతుంది. మోసాలని పట్టుకుని తీసేస్తూనే ఉంటారు, కొత్తవి పుట్టుకొస్తూనే ఉంటాయి. మీరు చూడగలిగింది ఒకటుంది. ఫేస్‌బుక్‌లో ఆ పేజీకి వెళ్లి, అబౌట్‌లో పేజ్ ట్రాన్స్‌పరెన్సీ తెరవండి. పేజీ ఎప్పుడు పెట్టారో, ఇంతకుముందు దాని పేరేమిటో అక్కడ ఉంటుంది. నిన్నటిదాకా వంటల వీడియోల పేజీగా ఉండి, పోయిన వారం పేరు మార్చుకుని చీరలమ్ముతుంటే ఇంక చూడాల్సింది లేదు. ఇన్‌స్టాలో అయితే ప్రొఫైల్ పైన మూడు చుక్కలు నొక్కి "అబౌట్ దిస్ అకౌంట్" చూడండి. చాలా ఖాతాలకి చేరిన నెల, పాత పేర్లు కనిపిస్తాయి.

ఉప్పాడ పట్టు చీర 799కి ఇస్తారట. స్టాక్ క్లియరెన్స్ అట. నమ్మొచ్చా?

ఉప్పాడ జాందానీ మగ్గం మీద చేత్తో నేసే చీర. బుటా బుటాకీ దారం వేలితో దూర్చాలి. పని ఎక్కువున్న చీరకి ఇద్దరు కూర్చుంటే వారాలు పడుతుంది. 2009 నుంచి దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అలాంటి చీర రూ.799కి అంటే అందులో పట్టు దారం ఖర్చు కూడా రాదు. వచ్చేది ప్రింటు వేసిన పాలిస్టర్, లేదా అసలేమీ రాదు. పొందూరు ఖద్దరు, ఏటికొప్పాక బొమ్మలు, అరకు కాఫీ పేర్లు చెప్పి అమ్మేవాళ్ల దగ్గర కూడా ఇదే లెక్క వేసుకోండి: దీన్ని చేయడానికి ఎంతవుతుంది, అంతకంటే తక్కువకి వీడెలా ఇస్తాడు? మన ఊళ్లో ఉన్నందుకు ఒక సౌకర్యం ఏమిటంటే అసలు ధర తెలుసుకోవడానికి లేపాక్షి, ఆప్కో షోరూములు ఉన్నాయి, పూర్ణా మార్కెట్ ఉంది. వెళ్లి ఊరికే అడిగి రావచ్చు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. తొంభై శాతం తగ్గింపు అంటే జనం అనుమానిస్తున్నారని వాళ్లకీ తెలిసిపోయింది. ఇప్పుడు 30, 35 శాతం తగ్గింపుతో నమ్మదగ్గట్టే ధర పెడుతున్నారు. అడ్డంగా తగ్గించి పెడితే మోసం అనుకోవచ్చు గానీ, ధర మామూలుగా ఉంది కదా అని నిజమైనదని తేల్చేయకండి.

టైమర్ తిరుగుతోంది, ఇంకా 14 నిమిషాలే ఉంది. ఆలోచించేలోపు ఆఫర్ పోతుందేమో?

ఆ పేజీ మూసేసి, బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో ట్యాబ్ (పాతవి గుర్తుపెట్టుకోని ట్యాబ్) తెరిచి మళ్లీ అదే సైట్‌కి వెళ్లండి. టైమర్ మళ్లీ మొదటి నుంచి మొదలైతే అది మిమ్మల్ని కంగారుపెట్టడానికి పెట్టిందే. లేని తొందర సృష్టించడాన్ని కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (అంటే కొనేవాళ్లని మభ్యపెట్టే డిజైన్ ఎత్తుల) మార్గదర్శకాల్లో తప్పుగానే లెక్కేశారు. పేరున్న కంపెనీలు కూడా ఈ వేషాలు వేస్తుంటాయి, అది వేరే బాధ. టైమర్ ఉన్నంత మాత్రాన దొంగ సైట్ అనలేం, కానీ దాన్ని చూసి టెన్షన్ పడాల్సిన పనీ లేదు.

లింకు మా పిన్నే పంపింది. ఆవిడ అబద్ధం చెప్పదు కదా, ఇంకేటి అనుమానం?

పిన్నిగారిని ఒక్కటే అడగండి: పార్శిల్ మీ చేతికి వచ్చిందా, లేక లింకు మాత్రమే వచ్చిందా? చాలాసార్లు జరిగేది ఇదీ. "వార్షికోత్సవ బహుమతి" అంటూ ఒక పేజీ తెరుచుకుంటుంది, గిఫ్టు తెరవాలంటే ఐదు గ్రూపుల్లో షేర్ చేయమంటుంది, ఆవిడ చేస్తుంది. అంటే ఆవిడ ఇంకా ఏమీ అందుకోలేదు, అందుకునే ఆశతో పంపించింది. తెలిసినవాళ్ల పేరు మీద వచ్చిన లింకు కాబట్టి మీరు అనుమానించరు. వాడికి కావాల్సిందీ అదే.

గూగుల్‌లో వెతికితే మొట్టమొదట వచ్చింది. అదే అసలు సైట్ కదా?

పైన "స్పాన్సర్డ్" అని చిన్న అక్షరాల్లో ఉందేమో చూడండి. ఉంటే అది డబ్బు కట్టి తెచ్చుకున్న చోటు. తెలిసిన కంపెనీ అయితే వెతకడం మానేసి అడ్రస్ మీరే టైప్ చేయండి, లేదా వాళ్ల యాప్ తెరవండి.

పెద్ద హీరోయినే వీడియోలో చెప్పింది కదండీ, ఆ సైట్లో కొనమని?

ఇప్పుడు ఎవరి మొహానికైనా ఎవరి మాటలైనా అతికిస్తున్నారు. ఆవిడ సొంత ఖాతాలో ఆ వీడియో ఉందేమో చూడండి. లేకపోతే ఆవిడ చెప్పలేదనే అనుకోండి.

## సైట్ తెరిచాక

అడ్రస్‌లో కంపెనీ పేరు స్పష్టంగా ఉంది. ఇంకేం చూడాలి?

పేరు ఉందా లేదా కాదు, ఎక్కడ ఉంది అన్నది చూడాలి. అడ్రస్‌లో మొదట వచ్చే ఒంటి స్లాష్ దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కి చదవండి. దాని ముందున్న చివరి రెండు ముక్కలే ఆ సైట్ అసలు యజమానివి. "కంపెనీపేరు డాట్ ఇన్ డాట్ ఫలానాఆఫర్ డాట్ షాప్" అని ఉంటే సైట్ "ఫలానాఆఫర్ డాట్ షాప్" వాడిది. ముందున్న కంపెనీ పేరు వాడు తగిలించుకున్నది, ఎవరైనా తగిలించుకోవచ్చు. చివర్లో "డాట్ కో డాట్ ఇన్" ఉంటే మూడు ముక్కలు లెక్కపెట్టండి.

అక్షరాల గారడీ ఇంకొకటి. ఇంగ్లిష్ ఎల్ బదులు ఒకటి అంకె, ఓ బదులు సున్నా పెడతారు. ఆర్, ఎన్ అక్షరాలు పక్కపక్కన పెడితే ఫోన్లో ఎమ్ లాగే కనిపిస్తాయి. ఫోన్ బ్రౌజర్ అడ్రస్ మొత్తం చూపించదు కాబట్టి దాని మీద నొక్కి, వేలితో పక్కకి జరిపి పూర్తిగా చదవండి. కళ్లజోడు పెట్టుకునేవాళ్లు పెట్టుకునే చదవండి.

తాళం గుర్తు ఉంది, హెచ్‌టీటీపీఎస్ కూడా ఉంది. అయినా భయమేనా?

ఆ తాళానికి అర్థం మీ ఫోన్‌కీ ఆ సైట్‌కీ మధ్యలో ఎవరూ తొంగిచూడలేరని మాత్రమే. అవతల కూర్చున్నది ఎవరో అది చెప్పదు. డబ్బుని రిజిస్టర్డ్ పోస్టులో దొంగ ఇంటికే పంపినట్టు, దారిలో పోదు, చేరాల్సిన దొంగకే భద్రంగా చేరుతుంది. ఆ తాళం రావడానికి కావాల్సిన సర్టిఫికెట్ ఉచితంగా, నిమిషాల్లో దొరుకుతుంది. జనం దీన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే గూగుల్ 2023లో క్రోమ్ నుంచి తాళం బొమ్మనే తీసేసింది. తాళం ఉంటే మంచిదని కాదు గానీ, "నాట్ సెక్యూర్" అని వస్తే మాత్రం అక్కడ కార్డు నంబర్ కొట్టే ప్రసక్తే లేదు.

ఈ సైట్ ఎప్పుడు పుట్టిందో తెలుసుకునే దారి ఉందా?

ఉంది, ఉచితమే. గూగుల్‌లో "హూయిజ్ లుకప్" అని వెతికి, వచ్చిన పేజీలో సైట్ అడ్రస్ పెట్టండి. ప్రపంచవ్యాప్తంగా సైట్ పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ సంస్థకి కూడా ఇలాంటి లుకప్ పేజీ ఉంది. "క్రియేటెడ్" అన్నచోట తేదీ వస్తుంది. ఇప్పుడు ఆ తేదీని సైట్ చెప్పుకునే గొప్పలతో పోల్చండి. "1996 నుంచి మీ నమ్మకం" అని బోర్డు పెట్టుకుని, పేరు రిజిస్టర్ చేసింది 3 వారాల కింద అయితే మీకు జవాబు దొరికినట్టే. నిజాయితీగా నిన్నే మొదలుపెట్టిన షాపు కూడా ఉండొచ్చు. కానీ నిన్న మొదలైన షాపుకి లక్షమంది కస్టమర్లు, 12 వేల రివ్యూలు ఉండవు.

డిజైన్ అదిరిపోయింది, ఒక్క స్పెల్లింగ్ తప్పు లేదు. ఇంత ఖర్చుపెట్టి మోసం చేస్తారా?

ఖర్చే లేదు. రెడీమేడ్ అచ్చులో గంటలో షాపు తెరుచుకుంటుంది. రాతంతా ఏఐ రాసిపెడుతుంది. ఒకప్పుడు తప్పుల తడక ఇంగ్లిష్ చూసి పట్టేసేవాళ్లం, ఆ రోజులు పోయాయి.

ఇప్పుడు అందం చూడకుండా, ఎవరూ నొక్కని చోట్ల నొక్కి చూడాలి. కిందికి దిగి ఫేస్‌బుక్, యూట్యూబ్ గుర్తుల మీద నొక్కండి. చాలా నకిలీ సైట్లలో అవి ఎక్కడికీ తీసుకెళ్లవు, అదే పేజీ మళ్లీ తెరుచుకుంటుంది. తర్వాత రిటర్న్ పాలసీ చదవండి. ఈమధ్య ఒకాయన సోఫాల సైట్ ఒకటి తెచ్చి చూపించారు. హోమ్ పేజీ పెళ్లి మండపంలా ఉంది. రిటర్న్ పాలసీలో మాత్రం "సరుకు వెనక్కి పంపాల్సిన అడ్రస్" అన్నచోట, "రిటర్న్ అడ్రస్ ఇక్కడ రాయండి" అన్న అచ్చు వాక్యం చదరపు బ్రాకెట్ల మధ్య అలాగే ఉండిపోయింది. సరుకు వెనక్కి తీసుకునే ఉద్దేశం ఉన్నవాడైతే ఆ గడి నింపి ఉండేవాడు. పాలసీలోని ఒక వాక్యం కాపీ చేసి, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతికినా లాభమే. అక్షరం పొల్లుపోకుండా అదే వాక్యం, వేరే పేరున్న పదిహేను షాపుల్లో కనబడితే ఒకే ముఠా అని అనుమానించాలి.

రివ్యూలు అన్నీ 5 స్టార్లే. ఇంతమంది అబద్ధం ఆడతారా?

వాళ్ల సైట్లో ఏ రివ్యూ ఉండాలో వాళ్లే నిర్ణయిస్తారు. ఇంతమంది రాశారో, ఒక్కడే ఇన్ని రాశాడో ఎవరికి తెలుసు? బయట వెతకండి. సైట్ పేరు పక్కన "ఫ్రాడ్", "కంప్లైంట్", "పార్శిల్ రాలేదు" అని చేర్చి చూడండి, ఫలితాలు కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకోండి. ఏమీ దొరక్కపోవడం కూడా మంచి గుర్తు కాదు. వేలమంది కొన్న షాపు గురించి బయట ఒక్కడూ నోరెత్తకపోవడం జరగదు.

ఫోటోలు చూస్తే నిజంగానే వాళ్ల షాపులో తీసినట్టున్నాయి?

ఫోటో మీద వేలు నొక్కిపట్టి గూగుల్ లెన్స్‌తో వెతకండి. అదే ఫోటో వేరే దేశపు షాపులో, మూడు రెట్లు ధరకి కనిపించడం మామూలే. ఫోటో మూలలు కూడా చూడండి. "గాజువాకలో మా సొంత వర్క్‌షాప్" అని చెప్పుకునే ఫర్నిచర్ ఫోటోలో గోడమీద ప్లగ్ పాయింట్‌కి నిలువుగా రెండు సన్నటి చీలికలు ఉంటే అది అమెరికా లాంటి దేశపు ఇల్లు. మన గోడలకి గుండ్రటి కన్నాలుంటాయి. లోగో కత్తిరించిన అంచులు, తిరగబడిన అక్షరాలు కూడా పట్టిస్తాయి.

మా యాప్‌లో కొంటే ఇంకా తగ్గుతుందని వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ పంపారు. వేసుకోనా?

వద్దు. ఏపీకే అంటే ఫోన్లో యాప్ ఎక్కించే ఫైల్. ప్లే స్టోర్ బయట నుంచి వచ్చే అలాంటి ఫైల్ మీ మెసేజ్‌లు చదవగలదు, ఓటీపీలు తీసుకుపోగలదు. వేసేసుకుని ఉంటే వెంటనే నెట్ ఆపేసి, ఫోన్ బాగుచేసేవాళ్లకి చూపించండి. ఈలోగా బ్యాంకు యాప్ తెరవకండి.

## అమ్మేది ఎవరో ఆరా తీసేటప్పుడు

కాంటాక్ట్ పేజీలో వాట్సాప్ నంబర్ ఉంది. అది చాలదా?

చాలదు. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆన్‌లైన్ వ్యాపారం చేసే సంస్థ తన చట్టబద్ధమైన పేరు, ప్రధాన కార్యాలయం అడ్రస్, ఈమెయిల్, ఫోన్, ఫిర్యాదుల అధికారి పేరు, హోదా, ఆయన్ని చేరే వివరాలు సైట్లో పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. వీటిలో ఏదీ లేకుండా ఒట్టి వాట్సాప్ నంబరు, ఒక ఫారమ్ పెట్టారంటే రేపు మీరు గొడవపడటానికి ఎదురుగా మనిషే ఉండడు.

అడ్రస్ ద్వారకానగర్ అని ఉంది. మన వైజాగ్ వాళ్లే కదా, ఏటవుద్ది?

ఊరి పేరు చూడగానే మనకి మెత్తబడుతుంది. వాళ్లు ఆ అడ్రస్ పెట్టేది కూడా అందుకే. ముందు పిన్ కోడ్ సరిపోతుందో చూడండి. ద్వారకానగర్‌కి 530016, ఎంవీపీ కాలనీకి 530017, గాజువాకకి 530026. గాజువాక అని రాసి 530017 పెట్టినవాడు గాజువాక ఎప్పుడూ చూడలేదు. మ్యాప్స్‌లో ఆ చోటు తెరిచి అక్కడ షాపు ఉందా, హాస్టల్ ఉందా, ఖాళీ స్థలం ఉందా చూడండి.

అన్నిటికంటే బాగా పనిచేసేది ఒక ఫోన్ కాల్. "నేను దగ్గర్లోనే ఉన్నానండి, వచ్చి చూసి తీసుకుంటాను" అనండి. "ఇది గోడౌన్ సార్, కస్టమర్లని రానివ్వం" అంటారు. "సరే, గోడౌన్ ఏ లైన్లో అండీ, డైమండ్ పార్క్ వైపా, ఆర్టీసీ కాంప్లెక్స్ వైపా?" అని అడగండి. ఆ వీధిలో పనిచేసేవాడైతే తడుముకోడు. ఫోన్ పెట్టేసినా, నంబర్ బ్లాక్ చేసినా మీకు డబ్బు మిగిలినట్టే. ఊరు మనదే కాబట్టి సాయంత్రం అటు బస్సెక్కి చూసిరావడానికీ ఇబ్బంది లేదు.

జీఎస్టీ నంబర్ కింద రాసి ఉంది. దొంగోళ్లు జీఎస్టీ కడతారా?

కట్టరు, ఎవరిదో నంబర్ ఎత్తుకొచ్చి పెడతారు. నంబర్‌లో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండూ రాష్ట్రం కోడ్: ఆంధ్రప్రదేశ్‌కి 37, తెలంగాణకి 36. తర్వాతి పదీ పాన్ నంబర్. విశాఖ షాపు అని చెప్పి 37 కాకుండా వేరే అంకెలు ఉంటే అడగాల్సిందే. తర్వాత జీఎస్టీ ప్రభుత్వ పోర్టల్లో "సెర్చ్ ట్యాక్స్‌పేయర్" అన్నచోట ఆ నంబర్ కొట్టండి, లాగిన్ అక్కర్లేదు. వ్యాపారం పేరు, రిజిస్టర్ అయిన తేదీ, ఇప్పుడు యాక్టివ్‌గా ఉందా రద్దయిందా అన్నీ వస్తాయి. అక్కడ సిమెంటు ట్రేడర్స్ అని వచ్చి, ఇక్కడ చీరలమ్ముతుంటే నంబర్ వాళ్లది కాదనే అనుకోవాలి.

చిన్న వ్యాపారులందరికీ జీఎస్టీ ఉండాలని లేదు. అయితే రాష్ట్రం దాటి సరుకు అమ్మేవాళ్లకి, కొన్ని చేతివృత్తుల సరుకులు తప్పిస్తే, సాధారణంగా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. "ఆల్ ఇండియా డెలివరీ" అని బోర్డు పెట్టుకుని నంబరే లేదంటే కారణం అడగండి.

ఉద్యమ్ సర్టిఫికెట్ ఫోటో పంపారు, "ప్రభుత్వ గుర్తింపు" అంటున్నారు?

ఉద్యమ్ అంటే చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు. అది ఉచితం, ఎవరి వివరాలు వాళ్లే చెప్పుకుని తీసుకునేది. వాళ్ల నిజాయితీకి ప్రభుత్వం పూచీ పడినట్టు కాదు. పైగా మీకొచ్చింది ఫోటో మాత్రమే.

ఇంట్లోంచి ఇన్‌స్టాలో చీరలమ్మే ఆడవాళ్లకి ఇవేవీ ఉండవు. అందరూ మోసగాళ్లేనా?

కానే కాదు. మన ఊళ్లోనే ఎంతోమంది అలా సంపాదించుకుంటున్నారు, వాళ్లని దొంగల గాటన కట్టడం అన్యాయం. వాళ్లని చూసే పద్ధతి వేరు. వీడియో కాల్‌లో చీర చూపించమనండి. అదీ కాదంటే, ఒక కాగితం మీద మీ పేరు రాసి చీర మీద పెట్టి ఫోటో తీయమనండి. సరుకు చేతిలో ఉన్నవాళ్లకి అది రెండు నిమిషాల పని. లేనివాళ్లు "టైం లేదు, ఆర్డర్లు చాలా ఉన్నాయి" అంటారు. పోస్టుల కింద కామెంట్లు ఆపేసి ఉన్నాయా చూడండి. కొన్నవాళ్లు ట్యాగ్ చేసిన ఫోటోలుంటే ఆ కొన్నవాళ్లకే ఒక మెసేజ్ పెట్టండి, మన జనం మొహమాటపడకుండా చెప్పేస్తారు. మొదటిసారి ఒక్క చీరే కొనండి.

ఈ నంబర్ మీద ఇంతకుముందు కంప్లైంట్లు ఉన్నాయేమో చూడొచ్చా?

చూడొచ్చు. కేంద్ర హోంశాఖ నడిపే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో అనుమానితుల వివరాలు వెతికే సదుపాయం ఉంది. ఫోన్ నంబర్, యూపీఐ ఐడీ, బ్యాంకు ఖాతా, సైట్ అడ్రస్ పెట్టి చూడొచ్చు. అక్కడ కనిపిస్తే ఆ షాపు జోలికి పోకండి. రాకపోతే ఇంకా ఎవరూ ఫిర్యాదు చేయలేదని అర్థం, అంతే.

## డబ్బు కట్టే చోట

క్యూఆర్ స్కాన్ చేస్తే వేరే ఎవరి పేరో వస్తోంది. "మా అకౌంటెంట్ అండీ" అంటున్నారు. కట్టేయనా?

కట్టకండి. నకిలీ సైట్‌ని పట్టుకోవడానికి ఒక్క పరీక్షే ఉంచుకోమంటే నేను దీన్నే ఉంచుకుంటాను. పిన్ కొట్టే ముందు యూపీఐ యాప్ చూపించే పేరు బ్యాంకు రికార్డుల్లో ఉన్నది. సైట్‌లో ఏ పేరైనా పెట్టుకోవచ్చు, ఏ బొమ్మైనా అతికించుకోవచ్చు. ఈ పేరు మాత్రం వాడి చేతిలో లేదు. కంపెనీ దగ్గర కొంటున్నాం అనుకుంటే, అక్కడ సంబంధం లేని ఒక మనిషి పేరు రావడం ఏమిటి? చాలావరకు అవి అద్దె ఖాతాలు. నెలకింత అని ఆశపెట్టి వేరేవాళ్ల ఖాతాలు వాడుకుంటారు. డబ్బు పడిన నిమిషాల్లో అక్కడి నుంచి ఇంకో నాలుగు ఖాతాలకి పాకిపోతుంది.

అసలు షాపుల్లో కూడా కొన్నిసార్లు పేరు మారుతుంది, దాన్ని దీంతో కలపకండి. రేజర్‌పే, పేయూ లాంటి పేమెంట్ గేట్‌వే (మీ డబ్బు తీసుకుని షాపుకి చేర్చే సంస్థ) పేరు రావచ్చు, లేదా బ్రాండ్ పేరు కాకుండా దాని వెనకున్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పేరు రావచ్చు. ఆ కంపెనీ పేరు సైట్ అడుగున ఉన్న పేరుతో సరిపోతే ఇబ్బంది లేదు. ఇంటి నుంచి అమ్మేవాళ్లదైతే వాళ్ల సొంత పేరే వస్తుంది, అదీ సరే. "ఈ ఖాతా లిమిట్ అయిపోయింది, ఇంకో క్యూఆర్ పంపుతున్నాం" అన్నారంటే మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోండి.

క్యాష్ ఆన్ డెలివరీ ఉంటే ఏ భయమూ లేదు కదా?

భయం తగ్గుతుంది, పోదు. బాక్సు ఇచ్చి డబ్బు తీసుకుని వెళ్లాక తెరిస్తే పాత గుడ్డలు ఉన్న సందర్భాలున్నాయి. డెలివరీ అబ్బాయితో గొడవపడి లాభం లేదు, లోపల ఏముందో అతనికీ తెలియదు. డబ్బిచ్చే ముందు లేబుల్ మీద పంపినవాళ్ల పేరు చదవండి. మీరు ఆర్డర్ చేసిన షాపు కాకపోతే తిప్పి పంపేయండి. సీలు విప్పేటప్పుడు లేబుల్ కనిపించేలా వీడియో తీయండి. ఇక "సీఓడీ ఉంది గానీ కన్ఫర్మేషన్‌కి ముందు రూ.199 కట్టాలి" అనేది పాత ఎత్తే. చాలాసార్లు ఆ రూ.199 కోసమే ఆ సైట్ పెడతారు.

కార్డు మంచిదా, యూపీఐ మంచిదా?

తెలియని షాపు అయితే క్రెడిట్ కార్డే నయం. సరుకు రాకపోతే బ్యాంకు ద్వారా ఆ లావాదేవీని సవాలు చేసే దారి ఉంటుంది. గెలుస్తామన్న గ్యారంటీ లేకపోయినా దారంటూ ఒకటుంది. యూపీఐలో డబ్బు నేరుగా అవతలి ఖాతాలో పడిపోతుంది. కార్డు వాడేవాళ్లు బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆపేసుకోండి, ఆన్‌లైన్ పరిమితి తగ్గించుకోండి. ఈ స్విచ్‌లు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2020లోనే బ్యాంకులకి చెప్పింది. విదేశీ సైట్లలో ఓటీపీ లేకుండానే కార్డు నుంచి డబ్బు పోవచ్చు, అందుకే ఇంత చెప్పడం.

ఓటీపీ వచ్చింది. కొట్టేయడమేనా?

ఆరు అంకెలే కాదు, మెసేజ్ మొత్తం చదవండి. ఎంత మొత్తానికి, ఎవరికి అన్నది అందులోనే ఉంటుంది. కొన్నది రూ.499 వస్తువు, మెసేజ్‌లో రూ.49,900 ఉందనుకోండి, మిమ్మల్ని ఆపగలిగింది ఆ ఒక్క వాక్యమే.

నెట్ బ్యాంకింగ్ పేజీ తెరుచుకుంది. మా బ్యాంకుదే అని ఎలా తెలుస్తుంది?

బ్యాంకులు తమ సైట్లని 2025 అక్టోబరు 31 కల్లా "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" అడ్రస్‌కి మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఆ చివర బ్యాంకులకి తప్ప ఇతరులకి ఇవ్వరు. అడ్రస్ చివర అది లేకపోతే యూజర్ ఐడీ కొట్టకుండా వెనక్కి వచ్చి, బ్యాంకు యాప్‌లోంచే చూసుకోండి.

రిఫండ్ వేస్తాం, పిన్ కొట్టండి అంటున్నారు?

డబ్బు పంపడానికే పిన్. రావడానికి పిన్ అక్కర్లేదు, స్కానింగ్ అక్కర్లేదు. ఫోన్ పెట్టేయండి.

"మీ పార్శిల్ ఆగిపోయింది, అడ్రస్ సరిగా లేదు, రూ.25 కట్టండి" అని పోస్టాఫీసు నుంచి మెసేజ్ వచ్చింది?

తపాలా శాఖ అలా లింకులు పంపి అడ్రస్ అడగదు. ఇది నకిలీ అని కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీ నడిపే ఫ్యాక్ట్ చెక్ కూడా హెచ్చరించింది. రూ.25 కోసం కాదు, ఆ పేజీలో మీరు కొట్టే కార్డు వివరాల కోసం వల అది. మెసేజ్ ఎవరి నుంచి వచ్చిందో చూడండి. నమోదైన సంస్థల మెసేజ్‌లకి అక్షరాల పేరు, దాని చివర అడ్డగీత పక్కన పి, ఎస్, టి, జి లలో ఒక అక్షరం ఉంటుంది. పదంకెల మామూలు నంబర్ నుంచో విదేశీ నంబర్ నుంచో వచ్చిందంటే టెలికం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లోని చక్షు విభాగంలో ఫిర్యాదు పెట్టి, డిలీట్ చేసేయండి.

## కట్టేశాక అనుమానం వస్తే

కట్టేశానండీ. ఇప్పుడేటి చెయ్యాలి?

వెంటనే సైబర్ మోసాల జాతీయ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. తిట్టుకోవడాలు, ఇంట్లో పంచాయితీలు తర్వాత. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి పోయేలోపు ఆపగలిగితేనే దొరుకుతుంది, అక్కడివాళ్లు ఆ బ్యాంకుల్ని అప్రమత్తం చేసి ఆపే ప్రయత్నం చేస్తారు. లావాదేవీ నంబర్, తేదీ, టైము, ఎంత, ఎవరి పేరుకి వెళ్లిందో దగ్గర పెట్టుకోండి. మీ బ్యాంకుకీ చెప్పండి. తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పూర్తి చేసి, ఆ నంబర్ రాసుకోండి. మన నగర పోలీసు కమిషనరేట్‌లో సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషన్ ఉంది. అంత దూరం వెళ్లలేకపోతే దగ్గరి స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు. సైట్ ఇంకా తెరుచుకుంటుంటే ముందు స్క్రీన్‌షాట్లు తీయండి, అడ్రస్ కనిపించేలా. అవి రేపటికి ఉండకపోవచ్చు.

పోయింది 600 రూపాయలే. దానికి కంప్లైంట్ ఏంటని మా ఆయన నవ్వుతున్నారు?

చిన్న మొత్తమైతే ఎవరూ చెప్పరని లెక్కేసే ఆ ధర పెడతారు. అదే యూపీఐ ఐడీ మీద ఫిర్యాదులు పోగుపడితే ఖాతా ఆగుతుంది. పోర్టల్‌లో నమోదు చేయడానికి స్టేషన్ మెట్లు ఎక్కక్కర్లేదు.

వస్తువు వచ్చింది, కానీ చూపించింది ఒకటి, పంపింది ఒకటి. పోలీసుల దగ్గరికి వెళ్లాలా?

అమ్మినవాళ్లు ఎవరో తెలిసి, ఫోన్‌కి పలుకుతుంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయండి. తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్ ద్వారా జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక అమ్మినవాళ్లు ఏ రాష్ట్రంలో ఉన్నా మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. కొన్న వస్తువు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు.

పోయిన డబ్బు ఇప్పిస్తామని సైబర్ సెల్ నుంచి ఫోన్ వచ్చింది, ప్రాసెసింగ్ ఫీజు 1,500 అడుగుతున్నారు?

మొదటిసారి మోసం చేసినవాళ్లే మళ్లీ చేశారనుకోండి, లేదా వాళ్ల దగ్గర మీ నంబర్ కొనుక్కున్నవాళ్లు. పోలీసులు, బ్యాంకులు డబ్బు వెనక్కి ఇప్పించడానికి ఫోన్లో ఫీజు అడగరు. ఆ నంబర్‌ని కూడా మీ పాత ఫిర్యాదుకి చేర్చండి.